గిల్బర్ట్ వైట్ – ఆయన గ్రామం

దూరపు కొండలు నునుపన్న సామెత మనకు క్రొత్త కాదు. చదువుకొన్న యువకునికి పుట్టిన ఊరు చిన్నదిగాను, కంటికి కనబడని దేశం పెద్దదిగాను తోచుట సహజం. చదువు ముగియగానే ఊరు విడుచుట, విడిచిన ఊరిని మరచుట అభివృద్ధికి గుర్తులని లోకం భావిస్తుంది. ఇందుకు విరుద్ధంగా, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్నతవిద్య గడించి, తిరిగి తన పల్లెకే వచ్చి, ఏడు వందల జనమైనా లేని ఆ పల్లెను జీవితాంతం ఒక గ్రంథంవలె చదువుకొన్న ఆంగ్లేయుడు ఒకడున్నాడు. ఆయన గిల్బర్ట్ వైట్. ఆయన కీర్తికి ఆధారమైన పుస్తకం ఒక్కటే. సెల్‌బోర్న్ గ్రామ ప్రకృతి చరిత్ర, ప్రాచీన విశేషాలు అన్నవి అందులోని విషయం. 1788 చివర వెలువడిన ఆ పుస్తకాన్ని తరం తరువాత తరం మరల మరల అచ్చువేసుకొంటూనే ఉన్నది. ఒక చిన్న ఊరిని గూర్చి ఆ ఊరివాడే వ్రాసిన పుస్తకానికి ఇంతటి ఆయుర్దాయం ఎట్లు కలిగినదో తెలియవలెనంటే ముందు ఆ ఊరిని చూడవలెను; తరువాత ఆ మనిషిని చూడవలెను.

సెల్‌బోర్న్ ఇంగ్లండు దక్షిణ భాగంలో, హాంప్‌షైర్ కౌంటీలో ఉన్నది. లండను నగరానికి నైరుతి దిక్కున సుమారు 50 మైళ్ల దూరం. ఆల్టన్, పీటర్స్‌ఫీల్డ్ అనే రెండు పట్టణాల నడుమ. వైట్ కాలంలో ఊరంతా కలిపి ఒకే వీధి. ముప్పాతిక మైలు పొడవున వంకరలు తిరుగుతూ పోయేది. వీధి వెనుక సుద్దరాతి కొండ ఊరికి పైన 300 అడుగుల ఎత్తున నిలిచి ఉన్నది. కొండ ఏటవాలునిండా బీచ్ చెట్ల అడవి. ఆ అడవికి హాంగర్ అని పేరు. వీధి నడుమ చర్చి, చర్చి ఆవరణలో మహావృక్షమైన యూ చెట్టు, దాని చేరువనే ప్లెస్టర్ అనే చిన్న బయలు. ప్లెస్టర్ అనగా ఆటస్థలం. పూర్వం ఆ బయలు నడుమ గొప్ప ఓక్ చెట్టు ఉండేది. దాని చుట్టును రాతిమెట్లు, కూర్చుండుటకు అరుగులు ఉండేవి. వేసవి సాయంకాలాల్లో పెద్దలు అక్కడ కూర్చుండి మాటలాడుకొనేవారు. వారి యెదుట పిల్లలు, యువజనులు ఆడి పాడేవారు. 1703 నాటి మహాతుఫానులో ఆ చెట్టు కూలిపోయినది. ఊరి పాదిరి ఎంతో ఖర్చుచేసి దానిని మరల నిలబెట్టించినాడు. అది కొంతకాలం చిగిర్చి, పిమ్మట ఎండిపోయినది. వైట్ పుట్టుకకు 17 సంవత్సరాల ముందు జరిగిన ఈ సంగతిని ఊరివారు చెప్పగా విని, ఆయన తన పుస్తకంలో చేర్చినాడు.

ఆ ఊరికి పోవుట సులభం కాదు. ఆల్టన్ పట్టణంవైపు పోయే బాట, అడవివైపు పోయే బాట రెండును శతాబ్దాల తరబడి బండ్ల చక్రాల ఒరిపిడిచేత, వాననీటి కోతచేత అరిగి, కొన్నిచోట్ల ప్రక్క పొలాలకంటె 16 లేక 18 అడుగుల లోతునకు దిగిపోయినవి. చూచుటకు అవి బాటలవలె గాక వాగుల గర్భాలవలె ఉండేవి. చలికాలంలో వాటిలో నీరు, మంచు నిండినప్పుడు ఊరికి బయటి లోకంతో రాకపోకలు సన్నగిల్లేవి. ఈ ఏకాంతమే ఆ ఊరికి లోటు. ఈ ఏకాంతమే వైట్‌కు పెట్టుబడి.

గిల్బర్ట్ వైట్ 1720 జూలై 18వ తేదీన ఆ ఊరి పాదిరి యింట జన్మించినాడు. అప్పటి పాదిరి ఆయన తాతగారే. తాత పేరే మనుమనికి పెట్టినారు. ఆ తాత తన మరణశాసనంలో ఊరి పేదపిల్లలకు చదువు, వ్రాత, కుట్టుపని, అల్లికపని నేర్పించుటకై కొంత ధనం ఏర్పరచి పోయినాడు. తండ్రి జాన్ వైట్ న్యాయవాది. తాత పోయిన పిమ్మట కుటుంబం అదే వీధిలోని వేక్స్ అనే ఇంటికి చేరినది. బాలుడైన గిల్బర్ట్ బేసింగ్‌స్టోక్ పట్టణంలో థామస్ వార్టన్ అనే ఉపాధ్యాయుని వద్ద చదువుకొన్నాడు. ఆ ఉపాధ్యాయుని కుమారులు జోసెఫ్, థామస్ ఇద్దరును పిమ్మట కవులుగా పేరొందినారు. పిదప గిల్బర్ట్ ఆక్స్‌ఫర్డులోని ఓరియల్ కళాశాలలో చేరి, 1743లో బి.ఏ. పట్టం పొందినాడు. ఆ సందర్భంలో సుప్రసిద్ధ కవి అలెగ్జాండర్ పోప్ తాను చేసిన హోమర్ కావ్యానువాదాన్ని ఆయనకు బహూకరించినాడు. మరుసటి సంవత్సరమే కళాశాల ఆయనను ఫెలోగా ఎన్నుకొన్నది. ఎం.ఏ. 1746లో ముగిసినది, 1749 నాటికి ఆయన పూర్తి దీక్ష పొందిన పాదిరి అయినాడు. అప్పటికి ఆయనకు ముప్పది ఏండ్లయినా నిండలేదు. ముందున్న మార్గం రాజమార్గంవలె కనబడినది.

కాని జీవితం ఆయన కోరిన దారిన నడువలేదు. పుట్టిన ఊరి చర్చికి ప్రధాన పాదిరి కావలెనన్న కోరిక ఆయనకు సహజం. ఆ పదవిని ఇచ్చే హక్కు ఆక్స్‌ఫర్డులోని మోడ్లిన్ కళాశాలది. ఆయన చదివినది ఓరియల్ కళాశాలలో. కనుక తాత కూర్చున్న పీఠం మనుమనికి చట్టరీత్యా అందని పండయినది. 1757లో ఓరియల్ కళాశాల అధ్యక్షపదవికి ఆయన పోటీచేసి ఓడిపోయినాడు. తరువాత కళాశాల పక్షాన నార్థాంప్టన్‌షైర్‌లోని మోర్టన్ పింక్నీ అనే ఊరి చర్చి ఆయనకు లభించినది. ఆయన అక్కడ నివసించలేదు. ఆ కాలపు వాడుక ననుసరించి, బదులు మనిషిని నియమించి, తాను సెల్‌బోర్న్‌లోనే ఉండిపోయినాడు. ఫెలో పదవికి బ్రహ్మచర్యం నియమం; ఆయన ఆ పదవిని కడవరకు విడువలేదు, వివాహమాడలేదు. 1763లో వేక్స్ ఇల్లు ఆయనకు సంక్రమించినది. సొంత ఇల్లు, కొంత ఆదాయం ఉండికూడ కళాశాల భృతిని అనుభవించుట తగునా అని తప్పుపట్టినవారు ఆనాడే ఉన్నారు. చరిత్ర వ్రాసేవారు ఈ సంగతిని దాచనక్కరలేదు. దూరప్రాంతాల్లో మంచి ఆదాయంగల చర్చి పదవులు వచ్చినా ఆయన నిరాకరించినాడన్నదికూడ అంతే నిజం. తన ఊరి చర్చిలో ఆయన నాలుగు పర్యాయాలు సహాయ పాదిరిగా పనిచేసినాడు. చివరి పర్యాయం 1784 నుండి మరణంవరకు. తన ఊరిలో ఆయన ఎన్నడును ప్రధాన పాదిరి కాలేదు. లోకం కొలబద్దతో కొలిస్తే ఇది వెనుకబడిన జీవితమే.

అయితే ఆయన చేతిలో మరొక కొలబద్ద ఉన్నది. 1751లో ఆయన తన తోటపనిని గూర్చి ఒక దినచర్య ప్రారంభించినాడు; ఏ విత్తనం ఎన్నడు నాటినది, ఏ కాయ ఎన్నడు కోసినది అందులో వ్రాసుకొనేవాడు. 1768 నుండి అచ్చుపట్టికలతో కూడిన ప్రకృతి దినచర్య వ్రాయ నారంభించినాడు. ఆ పట్టికలను రూపొందించినవాడు డేన్స్ బారింగ్టన్ అనే న్యాయమూర్తి. గాలి యే దిక్కున వీచినది, వేడి యెంత, వాన యెంత, ఏ పువ్వు పూచినది, ఏ పక్షి వచ్చినది, ఏ పురుగు కనబడినది, ఇవన్నియు అందులో నమోదయ్యేవి. ఈ పని ఆయన 25 సంవత్సరాలు, అనగా మరణించిన నెలవరకు చేసినాడు. పెద్ద సాధనాలేవియు ఆయనవద్ద లేవు. ఉష్ణమాపకం, వానను కొలిచే పాత్ర, త్రాసు, గడియారం, అన్నిటినీ మించి ఓపిక, ఇవే ఆయన ప్రయోగశాల.

ఈ కొలబద్దతో ఆయన మొదట కొలిచినవి తన ఊరివారి నిత్యావసరాలు. నీటి సంగతి చూడండి. ఊరిలో బావులు సగటున 63 అడుగుల లోతు ఉండేవని, ఆ లోతువరకు త్రవ్వితే సామాన్యంగా ఎండవని, నీరు త్రాగుటకు రుచికరమైనను సబ్బు సరిగా నురగ పట్టదని ఆయన వ్రాసినాడు. ఊరి చివర వెల్‌హెడ్ అనే ఊట ఉన్నది. 1781లో వానలు లేని చలికాలం, వసంతకాలం గడచి, తీవ్రమైన వేసవి వచ్చినది. ఊరిలో అనేక బావులు అడుగంటినవి. పల్లంలోని చెరువులు ఎండినవి. ఆ సెప్టెంబరులో ఆయన వెల్‌హెడ్ ఊట వద్దకు పోయి ప్రవాహాన్ని కొలిచినాడు. నిమిషానికి 9 గాలన్లు, గంటకు 540, ఒక దినానికి 12,960 గాలన్లు పారుతున్నట్లు తేలినది. కరవులో కూడ ఊరిని బ్రతికించగల నీరు ఎంత ఉన్నదో ఊహగా గాక లెక్కగా చెప్పగలిగినవాడు ఊరిలో ఆయన ఒక్కడే.

కొండపైనున్న చిన్న కుంట మరింత ఆశ్చర్యకరం. దాని అడ్డుకొలత 30 అడుగులకు మించదు. నడుమ లోతు 3 అడుగులు. దానిలోనికి పారే కాలువ లేదు, ఊట లేదు. మూడు నాలుగు వందల గొఱ్ఱెలు, ఇరువదికి తక్కువగాని పశువులు దినదినం త్రాగుతున్నను అది ఎండేది కాదు. 1775 వేసవిలో పల్లపు కుంటలు ఎండినప్పుడుకూడ కొండమీది కుంటలు నిలిచినవి. రాత్రివేళ పొగమంచు నుండి, గాలిలోని తేమనుండి అవి నీటిని గ్రహిస్తున్నవా అని ఆయన ఆలోచించినాడు. పశువుల కాపరులు ఎల్లరును ఎరిగిన విషయమే. కాని ఎందుకని ప్రశ్నించినవాడు ఆయన.

ఇక దీపం. బీదవారి ఇండ్లలో వెలుగుతున్న తుంగవత్తులను గూర్చి ఆయన 1775లో ఒక లేఖ వ్రాసినాడు. వేసవిలో వృద్ధులు, స్త్రీలు, పిల్లలు తుంగను కోసి తెచ్చి, నీటిలో నానవేసి, లోపలి బెండు నిలుచుటకు ఒక్క సన్నని ఈనెను మాత్రం విడిచి పైతోలు ఒలిచేవారు. దానిని కొన్ని రాత్రులు గడ్డిపై మంచులో ఉంచి, ఎండలో ఆరబెట్టి, కాచిన కొవ్వులో ముంచేవారు. పొదుపెరిగిన ఇల్లాలు వంటకుండలో తేలిన పందికొవ్వునే దాచి వాడుకొనేది. వైట్ ఒక పౌను తుంగవత్తులను తూచి లెక్కించినాడు. 1,600కు పైగా ఉన్నవి. రెండడుగుల నాలుగున్నర అంగుళాల వత్తి గంటకు మూడు నిమిషాలు తక్కువగా వెలిగినది. తుంగకు ఒక షిల్లింగు, ఆరు పౌన్ల కొవ్వుకు రెండు షిల్లింగులు, వెరసి మూడు షిల్లింగులకు 800 గంటల వెలుగు లభిస్తుందని ఆయన తేల్చినాడు. పెన్నీలో నాలుగవవంతైన ఫార్దింగుకు అయిదున్నర గంటల దీపమన్నమాట. కడుపేదలు మాత్రం ప్రతి సాయంకాలం అరపెన్నీ కొవ్వొత్తి కొని, గాలివీచే గదిలో రెండు గంటల వెలుగుతో సరిపెట్టుకొంటున్నారని, అదే ధనానికి పదకొండు గంటల వెలుగు పొందవచ్చునని ఆయన విచారించినాడు.

ఇక్కడ మనం ఒక క్షణం ఆగవలెను. పేదలకు పొదుపు తెలియదు గనుకనే పేదలుగా ఉన్నారన్న భావం ఆ లేఖలో తొంగిచూస్తుంది. లెక్క నిజమే, తీర్పు కఠినం. 800 గంటల వెలుగు కావలెనంటే మూడు షిల్లింగులు ముందుగా చేతిలో ఉండవలెను. వేసవిలో కూలి మాని తుంగ కోసే తీరిక ఉండవలెను. కొవ్వు మిగులుటకు ఇంట మాంసం ఉండవలెను. దినకూలితో దినం గడుపుకొనేవానికి ఈ మూడును లేవు. వెలుగును నిమిషాలతో కొలిచిన ఆ గొప్ప పరిశీలకుడు ఈ చీకటిని కొలవలేదు. కాని విచిత్రమేమనగా, ఆయనను విమర్శించుటకు మనకు ఆధారం చూపిందికూడ ఆయన కొలతలే. ఆ లెక్కలు లేకుంటే ఆ పేదయిల్లు ఎన్ని గంటలు చీకటిలో ఉన్నదో మనకు ఎన్నటికిని తెలియదు.

ఊరి ప్రజలను ఆయన లెక్కించకుండ విడువలేదు. 1783లో ఆ వీధిలో 313 మంది, చుట్టుప్రక్కల 363 మంది, వెరసి 676 మంది; కుటుంబాలు 136. తాతగారి కాలంలో సుమారు 500 మంది ఉండేవారని పోల్చి చూపినాడు. పేదలు చాలామంది ఉన్నను, వారివి మట్టిగోడల ఇండ్లు కావని, రాతితో ఇటుకతో కట్టి, అద్దపు కిటికీలు, మేడగదులు గలవని వ్రాసినాడు. పురుషులకు సేద్యం, హాప్స్ తోటలు, కలప నరకడం జీవనాధారాలు. స్త్రీలు వసంతంలో పైరు కలుపు తీసి, సెప్టెంబరులో హాప్స్ కాయలు కోసి రెండవ పంట అనుభవించేవారు. చర్మరోగాలు పూర్వంకంటె తగ్గుటకు కారణాలు వెదకుతూ, ఉప్పుమాంసం తగ్గుట, నారబట్ట ధరించుట, మంచి రొట్టె, పెరటి కూరగాయలు అని గుర్తించినాడు. బంగాళాదుంపను ఒకప్పుడు ఆ ఊరి పేదలు నోటపెట్టుటకే జంకేవారు. బహుమతులు ఏర్పరచి ప్రోత్సహించగా ఇరువది ఏండ్లలో అది వారికి ప్రియమైన ఆహారమైనది. కొండ ఎక్కుటకు మార్గం లేకుండగా, 1753లో వైట్, ఆయన తమ్ముడు జాన్ కలిసి ఏటవాలుపై మలుపులు మలుపులుగా ఒక బాట త్రవ్వించినారు. ఆ బాటమీద నేటికిని జనం నడుస్తున్నారు.

మనుషులను చూచిన కన్నుతోనే ఆయన ప్రాణికోటిని చూచినాడు. చూపునకు ఒక్కటే అనిపించే మూడు చిన్న పక్షులను మొదట వాటి కూతలనుబట్టి, పిదప ఈకలనుబట్టి వేరుపరచినాడు. చిఫ్‌చాఫ్, విల్లో వార్బ్లర్, ఉడ్ వార్బ్లర్ అని నేడు వాటిని పిలుస్తున్నారు. పైరులో బంతివంటి గూడు అల్లుకొనే చిట్టెలుక ఆ దేశంలో ఉన్నదని పండితులకు తెలియజేసినవాడు ఆయనే. రెండు ఎలుకలను త్రాసులో పెడితే ఒక రాగి అరపెన్నీకి సరితూగినవి. వానపాములు నేలను గుల్లచేసి, ఆకులను లోనికి లాగి, భూమిని సారవంతం చేస్తున్నవని, అవి లేకుంటే నేల గట్టిపడి చల్లబడి నిస్సారమగునని 1777లో వ్రాసి, వాటిని గూర్చి ఎవరైన ప్రత్యేక గ్రంథం వ్రాయవలెనని కోరినాడు. ఆ గ్రంథం 104 సంవత్సరాల పిమ్మట, 1881లో వెలువడినది. వ్రాసినవాడు చార్లెస్ డార్విన్. బాల్యంలో వైట్ పుస్తకం చదివి పక్షులను పరిశీలించుటకు అలవాటుపడినవాడు.

ఆయన తీర్చలేని చిక్కు ఒకటి ఉన్నది. స్వాలో పక్షులు చలికాలంలో ఎక్కడికి పోవుచున్నవి? దూరదేశాలకు వలసపోవునా, లేక ఇక్కడనే పొదలలో, బొరియలలో నిద్రించునా? తమ్ముడు జాన్ జిబ్రాల్టరులో పాదిరిగా ఉండి, అసంఖ్యాకమైన పక్షులు జలసంధి దాటుట చూచి అన్నకు వ్రాసినాడు. అయినను కొన్ని పక్షులు ఊరిలోనే దాగియుండునేమో అన్న అనుమానం వైట్‌ను విడువలేదు. కూలీలచేత కొండవాలు పొదలు వెదకించినాడు. ఒక్క పక్షి దొరకలేదు. దొరకలేదన్న సంగతినికూడ దాచక వ్రాసినాడు. 1911లో ఇంగ్లండులో కాలికి గుర్తుకడియం తొడిగిన ఒక స్వాలో 1912 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని నాటాలులో పట్టుబడినప్పుడు ఆ ప్రశ్నకు సమాధానం లభించినది. తన అనుమానానికి ప్రతికూలమైన సాక్ష్యాన్ని సైతం వ్రాసిపెట్టినవాడు ఓడిపోయినట్లు కాదు.

ఆయనకు లెక్కలే గాక హృదయంకూడ ఉన్నది. ఊరికి సమీపంలోని వనంలో ఒక ఓక్ చెట్టుమీద తరతరాలుగా బొంతకాకుల జంట గూడు పెట్టేది. చెట్టు మధ్యనున్న బుడిపె కారణంగా కుఱ్ఱవాండ్రెవ్వరును పైకి ప్రాకలేకపోయేవారు. హాంప్టన్ కోర్టు దగ్గరి వంతెన పనికై ఆ చెట్టును కొట్టవలసి వచ్చినది. అది ఫిబ్రవరి, గుడ్లు పొదిగే కాలం. రంపం కోయుచున్నను, మేకులు దిగగొట్టుచున్నను తల్లిపక్షి గూడు విడువలేదు. చెట్టుతోపాటు కూలి, కొమ్మల దెబ్బకు చచ్చి నేలబడినది. ఎక్కడివారికో వంతెన కలిగినది. ఈ ఊరికి ఒక చెట్టు, ఒక తల్లి పోయినవి. వైట్ ఎవరినీ నిందించలేదు. జరిగినది జరిగినట్లు చెప్పి ఊరకున్నాడు. చదివినవారు మాత్రం మరువలేరు.

ఈ విషయాలన్నియు ఆయన థామస్ పెన్నంట్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞునికి 1767 నుండి, బారింగ్టన్‌కు 1769 నుండి లేఖలుగా వ్రాసినాడు. ఓరియల్‌లో సహాధ్యాయియైన జాన్ మల్సో వీటిని పుస్తకంగా వేయుమని ప్రోత్సహిస్తూ వచ్చినాడు. వైట్ తొందరపడలేదు. మొదటి లేఖ వ్రాసిన ఇరువది యేండ్లకు, ఆయన 68వ యేట, లండనులో పుస్తక ప్రకాశకుడైన తమ్ముడు బెంజమిన్ దానిని ప్రచురించినాడు. అందులో 110 లేఖలు ఉన్నవి. మల్సో ఆ పుస్తకం విలువను ముందుగా గ్రహించిన మిత్రుడు.

1793 జూన్ నడుమ దినచర్య ఆగిపోయినది. జూన్ 26వ తేదీన, పుట్టిన వీధిలోనే, వేక్స్ ఇంటిలో, 72 సంవత్సరాల వయస్సులో ఆయన మరణించినాడు. చర్చి ఆవరణలోని సమాధిరాతిమీద పేరులోని మొదటి రెండు అక్షరాలు, మరణించిన తేదీ తప్ప వేరు బిరుదులు లేవు. ఆయన నివసించిన ఇల్లు 1955 నుండి ప్రదర్శనశాలగా ప్రజలకు తెరవబడినది. ఆయన కొలిచి 23 అడుగుల చుట్టుకొలత అని వ్రాసిన యూ చెట్టు 1990 జనవరి తుఫానులో కూలిపోయినది. 1703లో ప్లెస్టర్ ఓక్‌ను నిలబెట్టినట్లే ఊరివారు దీనినికూడ మరల నిలబెట్టినారు. అదియు బ్రతుకలేదు. కాని రెండు చెట్లును ఆ పుస్తకంలో పచ్చగా ఉన్నవి.

గిల్బర్ట్ వైట్ కోరిన పీఠం ఆయనకు దక్కలేదు. ఆ పీఠంలో ఆయన కాలాన కూర్చున్నవారి పేర్లు నేడు లోకం ఎరుగదు. ఊరిలో తనకు హోదా లేదని అలిగి వెడలిపోయి ఉంటే, ఊట నీటిని కొలిచేవాడు, తుంగవత్తులను లెక్కించేవాడు, పక్షుల రాకపోకలను పాతికేండ్లు వ్రాసేవాడు ఆ ఊరికి ఉండేవాడు కాడు. ప్రతి గ్రామానికిని ఒక ఊట, ఒక చెట్టు, ఒక దీపం ఉంటవి. వాటి ప్రక్కన నిలిచి, ఎంత, ఎన్నడు, ఎందుకు అని అడిగి, విన్నది గాక చూచినది వ్రాసిపెట్టే విద్యార్థి ఒక్కడు ఉన్నచోట ఆ గ్రామం చిన్నది కాదు. అట్టి విద్యార్థికి ఒక తెల్లకాగితాల పుస్తకం ఇచ్చి, తేదీ వేయుట నేర్పుట ఉపాధ్యాయుని పని.